మోకు అవతలి కొస

"ఈ ఆదివారం వైజాగ్ పోదామనుకుంటున్నం. మా పిల్లలు సముద్రం ఎన్నడూ చూడలే. మీరు ఇక్కడోళ్ళే కదా, పోయినంక ఏమేం చెయ్యాల్నో చెప్పరాదూ?"

మా కాలేజీ ఆఫీసులో నా టేబులు పక్కన నిలబడి, కొత్తగా వచ్చిన లెక్కల మేడమ్ అడిగింది. ఆమెది వరంగల్. భర్తకు బ్యాంకులో బదిలీ అయితే చోడవరం వచ్చారు. ఆమె మాట తీరు నాకు ఇష్టం. కానీ ఎవరైనా నన్ను సూటిగా ఏదైనా అడిగితే నా దగ్గర ఉన్న మాటలన్నీ ఎక్కడికో పోతాయి. "బీచ్ ఉంది మేడమ్. సబ్‌మెరైన్ ఉంది. కైలాసగిరి ఉంది..." అన్నాను. ఇంకేమైనా వస్తుందేమోనని ఆమె కాసేపు చూసి, నవ్వి, క్లాసుకు వెళ్ళిపోయింది.

అవి ఎవరైనా చెప్పగలిగేవే. నా నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట వేరే ఉంది. "ముందు అందరూ కళ్ళు మూసుకోవాలి." అది నా మాట కాదు, టీచరమ్మది. టీచరమ్మ పోయి ఇంకా నెల కూడా కాలేదు. ఇంటికొచ్చి, మేడమ్‌కి చెప్పాల్సినవన్నీ డైరీలోనైనా రాసుకుందామని కూర్చుంటే ఊరూ రాలేదు, సముద్రమూ రాలేదు. ఆవిడే వచ్చి కూర్చుంది.

టీచరమ్మ అని అందరం పిలిచేవాళ్ళం గానీ ఆవిడ ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. మా చర్చిలో ఆదివారం పొద్దున్న పిల్లలను చాప మీద కూర్చోబెట్టి కథలు చెప్పేది, పాటలు నేర్పేది. మిగతా రోజుల్లో ఇంటి అరుగు మీద మిషను ముందు కూర్చుని జాకెట్లు కుట్టేది. కుట్టేటప్పుడు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునేది. అవి జారిపోకుండా మాట్లాడాలి కాబట్టి నోరు కుడి పక్కకు మాత్రమే కదిలేది. ఆ అలవాటు ఎంతగా పట్టేసిందంటే, సూదులు లేని ఆదివారాల్లో కూడా ఆవిడ నోరు కుడి పక్కే తెరుచుకునేది. మేం పిల్లలం ఆవిడ నేర్పిన ప్రార్థనలు చెప్పేటప్పుడు మాకు తెలియకుండానే నోరు ఓ పక్కకు తిప్పేవాళ్ళం. మా పాస్టరుగారు ఓసారి "ఈ పిల్లలందరికీ ఒకేసారి పంటి నొప్పేటి?" అని అడిగారట.

సముద్రం వచ్చే కథలంటే ఆవిడకు ప్రాణం. కథ ఏ దేశంలో జరిగినా అందులో సముద్రం మాత్రం విశాఖపట్నానిదే. తుఫానులో చిక్కుకున్న పడవ ఎప్పుడూ డాల్ఫిన్ కొండ చాటు నుంచే వచ్చేది. "అదే, మనం మురీ మిక్చరు తిన్నాం సూడండి, సరిగ్గా దానికెదురుగా" అని గుర్తు కూడా చెప్పేది. మురీ మిక్చరు తిన్న చోట జరిగిన కథను నమ్మకుండా ఎలా ఉంటాం?

ఏడాదికి ఒక్కసారి ఆవిడ మమ్మల్ని ఆ సముద్రానికి తీసుకెళ్ళేది. ఎప్పుడు వెళ్ళాలన్నది బడి సెలవులను బట్టి కాదు, చెరుకును బట్టి ఉండేది. గోవాడ పంచదార ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగు నడిచినన్నాళ్ళూ మా రోడ్ల నిండా చెరుకు ట్రాక్టర్లే. ఆ లోడు జారిపోకుండా పైనుంచి బిగించి కట్టే లావుపాటి తాడును మోకు అంటాం. టీచరమ్మ మరిదికి రోలుగుంట దగ్గర ట్రాక్టరు ఉంది. క్రషింగు అయిపోయి, గాలిలో మొలాసిస్ వాసన తగ్గి, ఆయన మోకుకు పని లేకుండా పోయిన తరువాతే మా ప్రయాణం. మోకు లేకుండా ఆవిడ పిల్లలను సముద్రం దగ్గరకు తీసుకెళ్ళేది కాదు. "ఈళ్ళ అమ్మలు నాకు అప్పజెప్పేరు" అనేది. "సముద్రానికి అప్పజెప్పలేదు కదా."

వ్యాను సబ్బవరం, పెందుర్తి దాటేవరకూ పాటలు. సిటీలోకి వచ్చాక పాటలు ఆగి కిటికీల కోసం తగువులు. బీచ్ రోడ్డుకు దిగే వాలు దగ్గరకు రాగానే టీచరమ్మ ముందు సీట్లోంచి లేచి మా వైపు తిరిగి నిలబడేది.

"కళ్ళు మూసుకోండర్రా! నేను సెప్పేదాకా ఎవులూ తెరవకూడదు."

అందరం మూసుకునేవాళ్ళం. వ్యాను వాలు దిగేది. గాలి మారేది. జిగటగా, ఉప్పగా ఏదో మొహానికి తగిలేది. ఇంజను చప్పుడు వెనక నుంచి ఇంకో పెద్ద చప్పుడు వినబడేది. అప్పుడు ఆవిడ కిటికీలోంచి తొంగి చూసి, ఇంట్లో పోయిందనుకున్న వస్తువు దొరికినట్టు చెప్పేది.

"ఉంది. ఉంది. ఎక్కడికీ పోలేదు."

అప్పుడు కళ్ళు తెరవాలి. ముందే తెరిచినవాళ్ళను ఆవిడ ఇట్టే పట్టేసేది. "ఒరే, నువ్వు తెరిసేవ్. ఇంక నీకు సగమే కనిపిస్తాది సూడు." ఓసారి ఎవరో అడిగారు, సముద్రం ఎక్కడికి పోతుంది టీచరమ్మా అని. "ఏటో బాబూ. మనం సూసి ఏడాదైపోనాది కదా. సూసుకోవద్దేటి?" అంది.

ఇసుకలోకి దిగగానే నీళ్ళలోకి పరుగెత్తడానికి లేదు. ముందు దుప్పటి పరుచుకుని పులిహోర, ఉడకబెట్టిన గుడ్డు తినాలి. కడుపులో బరువుంటే అల ఎత్తుకుపోదని ఆవిడ నమ్మకం. బక్కగా ఉన్నవాళ్ళకు రెండు గుడ్లు. నాకు ఎప్పుడూ రెండే.

తరువాత వ్యాను వెనక నుంచి మోకు దిగేది. దాని పురుల్లో ఎండిన చెరుకాకు ముక్కలు ఇరుక్కుని ఉండేవి. ఎండకు వేడెక్కితే బెల్లం వాసన వేసేది. బీచ్‌లో ఉన్నవాళ్ళంతా మమ్మల్ని చూసి నవ్వేవారు. ఒక కాలేజీ కుర్రాడు దగ్గరకొచ్చి "ఏటండీ, ఓడ లాగడానికొచ్చేరా?" అని అడిగాడు.

"అవును బాబూ. రా, నువ్వూ ఓ సెయ్యెయ్యి" అంది టీచరమ్మ, నోరు పక్కకు తిప్పి.

పెద్దపిల్లలు ముందు, చిన్నవాళ్ళు వెనక. అందరూ రెండు చేతులా మోకు పట్టుకుని వరసగా నీళ్ళలోకి నడవాలి. ఒడ్డు వైపు కొస ఆవిడది. తడి ఇసుకకూ పొడి ఇసుకకూ మధ్య చతికిలబడి, మడమలు ఇసుకలోకి గుచ్చి, మోకును నడుము వెనక నుంచి తిప్పి పట్టుకునేది. అల వచ్చేటప్పుడు వేళ్ళు వదులు చేసేది. అల వెనక్కి మళ్ళగానే బిగించేది. అంతసేపూ అరుస్తూనే ఉండేది.

"వచ్చీ అలకి భయపడకండర్రా, అది ఒడ్డుకే తెస్తాది! పోయీ అల లాగుతాది. ఇదిగో, పోతంది, ఇప్పుడు పట్టండి గట్టిగా!"

సాయంత్రానికి ఆవిడ అరచేతులు కమిలిపోయేవి. తిరుగు ప్రయాణంలో వ్యానులో కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చునేది. ఆ తరువాత కొన్నాళ్ళు సూది పట్టడం కష్టం, జాకెట్లన్నీ ఆలస్యం. ఊళ్ళో ఆడవాళ్ళకు ఈ సంగతి తెలుసు. ఇంట్లో పెళ్ళి ఉన్నవాళ్ళు "సముద్రం కన్నా ముందే నా జాకెట్టు ఇచ్చెయ్యాలి" అని మాట తీసుకుని మరీ గుడ్డ ఇచ్చేవారు.

"మీరూ రండి టీచరమ్మా!" అని నీళ్ళలోంచి ప్రతి ఏడూ ఎవరో ఒకరు పిలిచేవారు.

"గుంజ నడిసొచ్చేస్తే ఆవులేటైపోతాయిరా? నేను గుంజని" అనేది.

అందుకని సముద్రమే ఆవిడ దగ్గరకు వెళ్ళేది, టిఫిను డబ్బా మూతలో. చివరి మునక అయ్యాక ఎవరో ఒకరు మూత నిండా నీళ్ళు తెచ్చివ్వాలి. ఆవిడ చిటికెనవేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని, కళ్ళు చికిలించి, పొయ్యి మీద పులుసు రుచి చూసినట్టు చూసేది. మేమంతా తడిబట్టలతో చుట్టూ నిలబడి తీర్పు కోసం ఎదురుచూసేవాళ్ళం. "పోయినేడాది కన్నా ఉప్పు తగ్గింది." లేకపోతే, "కొంచెం ఎక్కువైనాది. వర్షాలు లేవు కదా మరి." ఒక్క ఏడు మాత్రం "సరిపోయింది" అంది. మేమే కలిపిన ఉప్పు అయినట్టు గంతులేశాం.

మూతలో మిగిలిన నీళ్ళను ఆవిడ ఇసుకలో పారబోసేది కాదు. లేచి నడిచి, తడి ఇసుక అంచు దాకా వెళ్ళి, వంగి సముద్రంలో పోసేది. అప్పుడు అల ఒకటి పైకి వస్తే పాదాలు తడవకుండా వెనక్కి జరిగేది. జరుగుతూ కూడా ఆ అలనే చూస్తూ ఉండేది, ఇంకో అడుగు రాకూడదా అన్నట్టు.

ఇదంతా ఇంత దగ్గరగా నేనెలా చూశానంటే, నేనూ ఒడ్డునే ఉండేదాన్ని కాబట్టి.

మొదటి ఏడు అందరితోపాటు నన్నూ వరసలో నిలబెట్టారు. తడి ఇసుక తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. వెనకున్నవాళ్ళు తోస్తున్నారు. "ఒసే పిరికిదానా!" "దీన్ని ఇంటికాడ ఒగ్గేసి రావలసిందిరా" అని ఒకటే గోల. ఏడుపు వచ్చింది. ఏడిస్తే ఇంకా అందరూ చూస్తారని ఏడవలేదు. టీచరమ్మ నన్ను నీళ్ళలోకి పొమ్మనలేదు. ధైర్యమూ చెప్పలేదు.

"ఏయ్, దాన్నేటీ అనకండి. అది నా మనిషి" అంది. నా వైపు తిరిగి, "ఇలా రాయే గుంటా. నా ఎనక కూకో. ఈ తోక పట్టుకో. నేను జారిపోతే నాకు నువ్వే గుంజవి."

నడుము చుట్టూ తిరిగి వెనక్కి వచ్చిన మోకు చివరను నా చేతిలో పెట్టింది. ఆ తరువాత ప్రతి ఏడూ అదే నా చోటు. అందరికీ సముద్రమంటే అలలు. నాకు ఆవిడ వీపు. మోకు బిగిసినప్పుడు ఆ వీపు గట్టిపడేది, వదులైనప్పుడు మెత్తబడేది. కళ్ళు మూసుకుని కూడా అల వచ్చిందో పోయిందో చెప్పగలిగేదాన్ని.

మొహంతో కన్నా వీపుతో మాట్లాడటం నాకు సులువు. నేను చదివిన కథలన్నీ ఆ వీపుకే చెప్పాను. "ఆగాగు, అల పోతంది" అని నన్ను ఆపేది. మోకు బిగించి పట్టి, మళ్ళీ వదిలి, "ఆఁ, ఇప్పుడు సెప్పు. ఆ గుంట రైలెక్కేసిందా లేదా?" అనేది. ఒక కథ చెప్పడానికి చాలా అలలు పట్టేవి.

పదో తరగతి అయిన ఏడు అనుకుంటాను, అడిగాను. "మీకు దిగాలనుండదా టీచరమ్మా?"

అల వచ్చి వెళ్ళింది.

"ఎందుకుండదే?" అంది, వెనక్కి తిరగకుండానే. "పెళ్ళైన కొత్తలో ఆయనతో వచ్చేను ఓసారి. పట్టుచీర కట్టుకొచ్చేను, తెలివితక్కువదాన్ని. తడిసిపోతాదని దిగలేదు. మళ్ళీ వచ్చినప్పుడు దిగుదువులే అన్నారు. మళ్ళీ వచ్చేసరికి ఆయన లేరు, మీరున్నారు."

"ఇప్పుడు దిగండి. నేను పట్టుకుంటాను."

అప్పుడు తిరిగి నన్ను కిందనుంచి పైదాకా చూసి నవ్వింది. "నువ్వా? నీకింకా రెండు గుడ్లు సాలవే. కాస్త బరువెక్కు, సూద్దాం."

తరువాత ఆ ప్రయాణాలు ఆగిపోయాయి. గొడవేమీ లేదు. మాతో వచ్చిన పిల్లలు పెద్దవాళ్ళై బళ్ళు కొనుక్కున్నారు. సముద్రం చూడాలనిపిస్తే ఓ సాయంత్రం వెళ్ళి, ఫోటోలు దిగి వచ్చేస్తున్నారు. చిన్నపిల్లలను అమ్మానాన్నలే కార్లలో తీసుకెళ్తున్నారు. టీచరమ్మకు ముందు మోకాళ్ళు పట్టేశాయి, తరువాత గుండె జబ్బు వచ్చింది. మరిది కొత్త మోకు కొనుక్కుని పాతది ఆవిడకే ఇచ్చేశాడు. అది ఆవిడ మంచం కింద చుట్టలు చుట్టుకుని ఉండేది. వచ్చినవాళ్ళకు చూపించి "పాముని పెంచుకుంటన్నాను" అనేది. నేను డిగ్రీ అయ్యాక కాలేజీ ఆఫీసులో చేరాను. సాయంత్రం ఇంటికెళ్తూ అరుగు మీద ఆగేదాన్ని. ఆవిడ నా కథ వింటూ కుట్టేది.

పోయిన చలికాలం ఆవిడను గుండె డాక్టరుకు చూపించడానికి విశాఖపట్నం తీసుకెళ్ళే పని నాకు పడింది. క్రషింగు రోజులు, మరిదికి ఊపిరాడని పని. బస్సులో ఆవిడ ఒళ్ళో పెద్ద సంచి. నేను పట్టుకుంటానని అందుకుంటే ఎత్తలేకపోయాను.

"ఏటి టీచరమ్మా ఇందులో, ఇంత బరువుంది?"

"దుప్పటి. ఆసుపత్రిలో సలేస్తాది."

సంచి మూతిలోంచి మోకు పోగు ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. నేను చూశాను. నేను చూడటం ఆవిడ చూసింది. ఇద్దరం కిటికీ వైపు తిరిగిపోయాం.

డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు, బరువులు ఎత్తొద్దన్నాడు, ఉప్పు బాగా తగ్గించమన్నాడు. బయటికి వచ్చాక ఆవిడ మందుల కవరు సంచిలో దోపుకుంటూ, "సముద్రం గురించి ఏటీ అనలేదు కదా?" అంది.

"మీరు అడగలేదు కదా."

"అడిగితే అనేస్తాడు."

నాకు భయం వేసింది. వద్దని చెప్పాలనుకున్నాను. కానీ ఆవిడ అప్పటికే ఆటో ఆపేసింది.

వాలు దగ్గరకు వచ్చేసరికి ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఎందుకా అని చూస్తే, కళ్ళు మూసుకుని ఉంది. ఇన్నేళ్ళూ చూసి చెప్పే పని ఆవిడదే. ఒక్కసారి కూడా మూసుకోవడానికి కుదరలేదు. ఆటో మలుపు తిరిగింది. నీళ్ళ మీద ఎండ పడి తెల్లగా మెరుస్తోంది.

"ఉంది టీచరమ్మా" అన్నాను.

"సరిగ్గా సూసేవా?"

"సూసేను. ఎక్కడికీ పోలేదు."

అప్పుడు తెరిచింది.

ఇసుకలో కూర్చున్నాక సంచిలోంచి ముందు రెండు గుడ్లు తీసింది. రెండూ నాకే. "తిను. ఇయాల నీకు బరువు కావాలి." తరువాత మోకు. మొత్తం కాదు, సగం. మొయ్యలేనని మధ్యకు కోసేసిందట. "జాకెట్ల కత్తెర మొండిదైపోనాది. ఎవులికీ సెప్పకు" అంది.

కొసను ఆవిడ నడుముకు కట్టబోయాను. చెయ్యి తోసేసింది. "కట్టకు. నేను పశువునేటి? పట్టుకుంటాను, మీరందరూ పట్టుకోలేదా?"

నేను తడి ఇసుకకూ పొడి ఇసుకకూ మధ్య కూర్చుని మడమలు గుచ్చాను. మోకు నడుము వెనక నుంచి తిప్పుకున్నాను. వెనక్కి చూస్తే నా తోక పట్టుకోవడానికి ఎవరూ లేరు.

ఆవిడ నడిచింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకోలేదు. మొదటి అలకే చీర పిక్కల దాకా తడిసి కాళ్ళకు చుట్టుకుంది. ఆగి, దాన్ని ఒకసారి చూసుకుని, మళ్ళీ నడిచింది. మోకు నా చేతుల్లోంచి కొంచెం కొంచెంగా వెళ్తోంది. మురీ మిక్చరు అమ్మే ఒకాయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏటమ్మా, ముసలావిడికి తాడు కట్టి వదిలేవు?"

మామూలుగా అయితే తల దించుకునేదాన్ని. "కట్టలేదు. ఆవిడే పట్టుకుంది" అన్నాను. ఆయన బుట్ట దించి అక్కడే కూర్చున్నాడు.

మోకాళ్ళ లోతులో ఆవిడ నిలబడింది. ఒక పెద్ద అల వచ్చి నడుము దాకా కొట్టింది. వేళ్ళు వదులు చేశాను. అల మళ్ళింది. బిగించాను. అరచేతులు భగ్గుమన్నాయి. ఆవిడ ఒక పక్కకు ఒరిగి, మోకు మీద బరువంతా వేసి, మళ్ళీ నిటారుగా నిలబడింది. ఆ బరువు నా నడుముకు తెలిసింది. ఒక చెయ్యి మోకు మీదే ఉంచి, రెండో చేత్తో నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకుంది. అప్పుడు సముద్రం వైపు కాకుండా వెనక్కి, నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. ఏదో అరిచింది కూడా. హోరులో వినబడలేదు.

ఒడ్డుకు వచ్చి కూలబడ్డాక ముందుగా తీర్పు చెప్పింది. "మూతలో వచ్చింది ఏరే సముద్రమే. ఇన్నేళ్ళూ మీరంతా కలిసి నన్ను మోసం సేసేరు."

"ఉప్పు ఎలాగుంది?"

"డాక్టరుకి సెప్పకు."

ఊపిరి తీసుకుని, తడి చేత్తో నా మొహం మీద జుట్టు వెనక్కి తోసి, "అక్కణ్ణించి సూస్తే ఒడ్డునున్న మనిషి ఇంతే కనిపిస్తాదే" అని చిటికెనవేలు చూపించింది. "ఇంత సిన్న మనిషిని నమ్ముకునేటి, మీరంతా అంత లోతుకెళ్ళేవోరు?"

కాసేపటికి, "ఇప్పుడు నువ్వెళ్ళు. నేను కూకుంటాను" అంది.

బరువులు ఎత్తొద్దన్న డాక్టరు గుర్తొచ్చాడు. ఆవిడ పెదాలు చలికి వణుకుతున్నాయి. "మళ్ళీ వచ్చినప్పుడు దిగుతానులెండి" అన్నాను. అనేశాక ఆ మాట ఎక్కడిదో ఇద్దరికీ గుర్తొచ్చింది. ఆవిడ చీర కొంగు పిండుకుంటూ, "పద, బస్సు టైమైపోతంది" అంది. బస్సులో సంచి అడుగు నుంచి చిన్న కొబ్బరినూనె సీసా తీసి నా అరచేతులకు రాసింది. "ఆ డైరీ ఓ రెండ్రోజులు రాయకు. మండుతాది" అని, నా భుజం మీద తల పెట్టుకుని చోడవరం దాకా నిద్రపోయింది. తడిసిన మోకును తీసుకెళ్ళి ఆవిడ ఇంట్లో ఆరబెట్టాను. ఆరాక ఉప్పు తేలి తెల్లబడింది. మిగిలిన సగం పక్కన, మంచం కిందే పెట్టించుకుంది.

క్రషింగు అయిపోయిన వారంలోనే, ఓ పొద్దున్న ఆవిడ నిద్ర లేవలేదు.

సమాధుల తోటలో ప్రార్థన అయింది, పాట అయింది. పెట్టెను గొయ్యి పక్కకు తెచ్చాక సంఘపెద్ద దాన్ని దించే తాళ్ళ కోసం చూశాడు. చర్చిలో అందుకోసమే రెండు తాళ్ళు ఉంటాయి. అవి లేవు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పొద్దున్న టెంటుకి కట్టేసేం కదా" అన్నారెవరో, మెల్లగా.

ఆవిడ ఇంటి ముందు వేసిన షామియానా గాలికి ఎగిరిపోతుంటే చేతికందిన తాళ్ళతో బిగించేశారు. అవి ఇవే. ఇప్పుడు వెళ్ళి విప్పితే కింద కూర్చున్న ముసలివాళ్ళ మీద టెంటు పడుతుంది. అంత ఏడుపులోనూ ఒకరిద్దరికి నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ ఉంటే నోరు పక్కకు తిప్పి ఏమనేదో మాకందరికీ తెలుసు.

"మంచం కింద మోకు ఉంది" అన్నాను. ఎవరికీ వినబడలేదు. గొంతు పెంచాను. "టీచరమ్మ మంచం కింద. రెండు ముక్కలు."

మరిదే బండి మీద వెళ్ళి తెచ్చాడు. ఒక ముక్క గోధుమరంగు, ఒకటి తెల్లగా. పెట్టె కింద నుంచి రెండూ దూర్చారు. నలుగురు మగవాళ్ళు నాలుగు కొసల దగ్గరకు వచ్చేలోపు తెల్లముక్క కొస నేను పట్టుకున్నాను.

"నువ్వొగ్గేయమ్మా. మగోళ్ళున్నారు కదా" అన్నాడు సంఘపెద్ద.

"నేను పడతాను."

"జారిపోతే?"

"జారదు. పట్టడం నాకు ఆవిడే నేర్పింది."

అందరూ నన్నే చూస్తున్నారు. అంతమంది నన్ను చూడటం అదే మొదటిసారి. అయినా కొస వదలలేదు. మరిది నా ఎదుటి కొస పట్టుకుంటూ, "దాన్ని పట్టనివ్వండి. అది ఒదిన మనిషి" అన్నాడు.

మిగతా ముగ్గురూ నిలబడే పట్టుకున్నారు. నేను ఎర్రమట్టిలోకి మడమలు గుచ్చి, మోకు నడుము వెనక నుంచి తిప్పుకుని, వెనక్కి వాలాను. పెట్టె లేచింది. ఆ బరువు నాకు కొత్త కాదు. అరచేతులకు ఉప్పు తగులుతూ, కొంచెం కొంచెంగా వదిలాను. లాగినప్పుడు బిగించాను, మళ్ళీ వదిలాను. పెట్టె అడుగున ఆనింది. మోకు ఒక్కసారిగా మెత్తబడింది, అల దాటాక ఆవిడ వీపు మెత్తబడినట్టే.

వైజాగ్ వెళ్ళొచ్చాక, సోమవారం లెక్కల మేడమ్ మళ్ళీ నా టేబులు దగ్గరకు వచ్చింది. మొహం ఎండకు కమిలి ఉంది.

"చూసినం. సబ్‌మెరైన్ మంచిగుంది. పిల్లలు నీళ్ళలకు ఉరికిన్రు, వాళ్ళ నాన్న కూడా ఉరికిండు."

"మీరో?"

"నేను చెప్పులు, సంచులు పట్టుకుని కూసున్న. అంతసేపూ భయమే, పిల్లలు ఏడున్నరోనని. ఎవరో ఒకరు ఒడ్డుకు ఉండాలె కదా."

నేను కంప్యూటరు వైపు చూస్తూ ఉన్నాను. తరువాత నా గొంతు నాకే వినిపించింది.

"మళ్ళీ వెళ్ళినప్పుడు నన్ను పిలవండి మేడమ్. ఒడ్డున నేనుంటాను. మీరు దిగండి."

"మరి మీరు?"

"వంతులు. తరువాత మీరు పట్టుకుంటే నేను దిగుతాను. నేనూ ఎప్పుడూ దిగలేదు."

"ఏం పట్టుకోవాలె?"

అప్పుడు చెప్పడం మొదలుపెట్టాను. వీపు కాదు, ఎదురుగా మొహం. అయినా బెల్లు కొట్టేదాకా చెప్పాను.

ఆ సాయంత్రం టీచరమ్మ మరిదికి ఫోను చేశాను. ట్రాక్టరు మోకు ఖాళీగానే ఉందట. "ఒదిన పోయేక ఇంక అడిగేవోళ్ళు లేరనుకున్నాను" అన్నాడు. ఫోను పెట్టేసేముందు, "గుడ్లు మర్సిపోకు" అన్నాడు.

వచ్చే ఆదివారం వెళ్తున్నాం. వాలు దగ్గరకు రాగానే పిల్లలిద్దరినీ కళ్ళు మూసుకోమంటాను. మేడమ్‌నూ, వాళ్ళాయననూ కూడా మూసుకోమంటాను. ఉందో లేదో ముందు చూసి చెప్పవలసింది నేనే.